చెప్పులు బయట విడవవలెను

ముప్పై మూడేళ్లు నేను మనుషుల మొహాల కన్నా పాదాలే ఎక్కువ చూశాను. ఇప్పటికీ న్యూ సెటిల్‌మెంట్ బజారులో ఎవరైనా "సిస్టరమ్మా, బాగున్నారా" అని పలకరిస్తే నా కళ్లు ముందు కిందికే పోతాయి. మొహం చూసి పోల్చుకోలేని మనిషి మడమ చూడగానే గుర్తొస్తాడు. అలవాటు అంత పాడుది.

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ వైపు ఒక చిన్న ధర్మాసుపత్రిలో డ్రెస్సింగ్ గది నాది. పుండ్లు కడిగి కట్లు కట్టే పని. ఆసుపత్రి పేరు రాయను. అక్కడి తప్పులు కొన్ని చెప్పబోతున్నాను, వాటిలో ఎక్కువ వాటా నాదే కనుక పేరుతో పనిలేదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చర్చిలో పాటలు పాడి, ఇక్కడే నర్సునయ్యాను.

పోయిన నెల లావణ్య ఫోన్ చేసింది. నా తర్వాత ఆ గదిలోకి వచ్చిన పిల్ల. "ఆంటీ, ఒకాయన బూట్లు ఇప్పనని గొడవాడతన్నాడు. ఇంకొక ముసలాయనేమో ఒద్దన్నా ఇప్పేసి ఒట్టి కాళ్లతో లోపలికి ఒచ్చేస్తన్నాడు. ఎవులితో ఏటని సెప్పాల?" అని అడిగింది. అది ఫోన్లో తేలే సంగతి కాదమ్మా, రాసిస్తానన్నాను. లావణ్యా, నీకోసమే ఇది. నేనెప్పుడు ఇన్‌ఛార్జినయ్యానో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు. చెప్పుల గొడవే ఉంటుంది.

బోర్డు

నువ్వు చేరేసరికి ఆ బోర్డు లేదు. మా రోజుల్లో గేటు పక్కనే ఉండేది. బెంగాలీ, హిందీ, తెలుగు, ఇంగ్లీషు, నాలుగు భాషల్లో ఒకటే మాట. "చెప్పులు బయట విడవవలెను." తెలుగు లైను నా చేతిరాతే. ఎర్ర పెయింటుతో నేనే రాశాను, అక్షరాలు బాగా కుదిరాయని మురిసిపోయాను కూడా.

ఆ రూలు మా మేట్రన్‌ది. అందరం ఆవిణ్ణి బడీ దీదీ, అంటే పెద్దక్క, అనేవాళ్లం. బెంగాలీ ఆవిడ, పొట్టిగా, గంజి పెట్టిన తెల్లచీరలో గట్టిగా నడిచేది. తెలుగు బాగా అర్థమయ్యేది గాని తిట్టడానికే వాడేది. గదిలో మట్టి కనబడితే "ఏటమ్మా ఇది, పశువుల సాలా?" అని అరిచేది. ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు, చెప్పను. చెప్పుల గూడు గది దగ్గరుంటే కంపు కొడుతుందని, దాన్ని గేటు దగ్గర పెట్టించింది. గేటు నుంచి డ్రెస్సింగ్ గదికి సిమెంటు దారి. నీడ లేదు, పైకప్పు లేదు. నలభై అడుగులు ఉంటుంది.

ఆ రూలును నడిపించేది నేను. మంచి చేస్తున్నానన్న గర్వంతో నడిపించాను. కలెక్టరు వచ్చినా విప్పాల్సిందే అనేదాన్ని. కలెక్టరు మా గదికి ఎందుకొస్తాడు, ఆ ధైర్యంతోనే.

ఒకసారి ఒక ఇంజను డ్రైవరు వచ్చాడు. మోచేతికి కాలిన గాయం. బూట్లు విప్పమంటే విప్పనన్నాడు. "దెబ్బ సేతికి తగిలితే బూట్లతో నీకేటి పని?" అని నిలదీశాడు. నేనూ తగ్గలేదు. అరగంట గొడవ. యూనియన్ వాళ్లను తెస్తానన్నాడు, తెచ్చుకోమన్నాను. గాయం ఎర్రగా మండుతుంటే కూడా ఆ మనిషి గేటు దగ్గరే నిలబడ్డాడు గాని బూటు లేసు ముట్టుకోలేదు. చివరికి ఆయాలిద్దరూ అటు తిరిగి ఏదో పనిలో పడినప్పుడు, తలవంచుకుని గబగబా విప్పాడు. రెండు మేజోళ్లలోంచీ బొటనవేళ్లు బయటికొచ్చి ఉన్నాయి. పాపం, అంత పెద్ద ఇంజను నడిపే మనిషి, ఆ వేళ్లను ఒకదాని వెనక ఒకటి దాచుకుంటూ లోపలికొచ్చాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆ రోజు నుంచి ఎవరైనా బూట్లు విప్పనని మొండికేస్తే పక్కకు పిలిచి మెల్లగా అడిగేదాన్ని. నీ దగ్గర గొడవాడిన ఆయన్నీ అలాగే అడుగు. బొల్లి మచ్చలుంటాయి, పగుళ్లుంటాయి, కాలి వేళ్లు తక్కువుంటాయి. నూటికి తొంభై మంది మనమీద కోపంతో కాదు, సిగ్గుతో గొడవాడతారు.

అంత తెలిసిన దాన్ని, అసలు సంగతి మాత్రం తెలుసుకోలేకపోయాను.

అప్పన్న మావయ్య

అప్పన్న రిటైరైన కీమేన్. కీమేన్ అంటే సుత్తి, స్పానరు భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, ఊడిన బిగింపుల్ని బిగించుకుంటూ పోయే మనిషి. ఉద్యోగమంతా నడకే. "ఈ కాళ్లే నాకు కూడెట్టినాయి సిస్టరమ్మా" అనేవాడు. మా నాన్న ఈడువాడు, మా వైపు మనిషి, మావయ్యా అని పిలిచేదాన్ని.

షుగరు ముదిరి కాళ్లలో స్పర్శ పోయింది. దూదితో అరికాలు రాస్తే "ఏటి, రాసినావా?" అని అడిగేవాడు. ఎడమ మడమ మీద పుండు. మూడు నెలలు రోజు విడిచి రోజు వచ్చాడు. ఖరిదా బజారులో ఒక చెప్పులు కుట్టే అతని చేత మెత్తని రబ్బరు అట్టతో ప్రత్యేకంగా చెప్పులు కుట్టించాను. వాటిని చూసుకుని పెళ్లికొడుకులా మురిసేవాడు. మా గేటు దగ్గరికి రాగానే బోర్డు చూసి, వాటిని విప్పి, గూట్లో జాగ్రత్తగా పెట్టి, నలభై అడుగులు ఒట్టి కాళ్లతో నడిచి నా దగ్గరికి వచ్చేవాడు. ఎడమకాలికి కట్టు ఉండేది. కుడికాలికి ఏమీ లేదు.

మే నెల. వర్క్‌షాపు సైరన్ మోగి మధ్యాహ్నం భోజనాలు అయ్యాక వచ్చేవాడు. పుండు మానుతోంది, ఇంకో వారంలో కట్టు అక్కర్లేదనుకున్నాం. ఆ రోజు కుర్చీలో కూర్చుని కాళ్లు చాపాడు. ఎడమ మడమ శుభ్రంగా ఉంది. కుడికాలు చూశాను. బొటనవేలి కింద నుంచి సగం అరికాలు వరకు పెద్ద బొబ్బ, అప్పటికే చిట్లింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏటి మావయ్యా ఇది? ఒట్టి కాళ్లతో ఎక్కడ తిరిగినావు? గుడికెల్లినావా? బజారుకెల్లినావా? నిజం సెప్పు!" అని గది అదిరేలా అరిచాను.

ఆయన నా మొహంలోకి అయోమయంగా చూశాడు. "ఎక్కడికీ ఎల్లనేదు తల్లీ. ఈడికే ఒచ్చినాను" అన్నాడు.

లావణ్యా, నా చేతిలో ఫోర్‌సెప్స్ అలాగే ఉండిపోయింది. కిటికీలోంచి సిమెంటు దారి కనబడుతోంది. దాని చివర నా ఎర్ర అక్షరాలు కనబడుతున్నాయి. మూడు నెలలుగా ఒక కాలు మాన్పుతూ, రెండో కాలు కాల్చింది నేనే. చేతికి తెలిసేది, మోచేతికి తెలిసేది, ఒక్కసారి ఆ సిమెంటును ముట్టుకుని చూస్తే. ఎందుకు ముట్టుకుంటాను? నా కాళ్లకు ఆసుపత్రి స్లిప్పర్లున్నాయి.

పుండు చెడింది. పెద్ద ఆసుపత్రిలో కుడి బొటనవేలు తీసేశారు. "ఇంకోసారి కాలికి గాయమైతే ఈసారి మోకాలిదాకా పోతుంది" అని అక్కడి డాక్టరు అప్పన్నతో, ఆయన కూతురు పైడమ్మతో మొహం మీదే చెప్పాడు.

బడీ దీదీ నడక

నేను బడీ దీదీ దగ్గరికి వెళ్లి బోర్డు తీసేద్దామన్నాను. ఆవిడ తల ఎత్తలేదు. "డ్రెస్సింగ్ గదిలోకి బయటి బురద వస్తే ఎంతమంది పుండ్లు చెడతాయో నీకు తెలీదా?" అంది. అది నిజమే. రూలు మంచిదే. అందుకే దానితో వాదించడం అంత కష్టం.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, "అయితే మీరు ఒకసారి ఒట్టి కాళ్లతో ఆ దారిలో నడిచి చూడండి దీదీ" అనేశాను. ఆవిడకు ఎదురు చెప్పినవాళ్లు ఆ ఆసుపత్రిలో ఎక్కువకాలం మిగల్లేదు.

ఆవిడ గోడ గడియారం చూసింది. రెండు. "చొలో, పద" అని లేచింది.

గేటు దగ్గర చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని నడిచింది. వేగంగా కాదు, అప్పన్న నడిచినంత మెల్లగా. నేను పక్కనే స్లిప్పర్లతో నడిచాను, సిగ్గు లేకుండా. సగం దారిలో ఆవిడ పెదవి కొరుక్కోవడం చూశాను. ఆగలేదు. గది గుమ్మం దాకా వచ్చి, ఆయా తెచ్చిన తడి గోనెపట్టా మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడింది.

"ఎన్నేళ్లుగా ఈ గూడు గేటు దగ్గరుంది?" అని అడిగింది.

"ఇరవై" అన్నాను.

మర్నాటికి చెప్పుల గూడు గది గుమ్మం పక్కకు వచ్చింది. ఫినాయిల్ నీళ్లలో తడిపిన గోనెపట్టా ఒకటి గుమ్మంలో పరిచారు. స్పర్శ లేని కాళ్లవాళ్లు చెప్పులు విప్పకూడదు, అట్టలు ఆ పట్టా మీద తుడుచుకుని లోపలికి రావాలి. నువ్వు ఫోన్లో చెప్పిన ఆ ముసలాయన్ని కూడా చెప్పులు వేసుకుని రమ్మను, వినకపోతే గట్టిగా చెప్పు. బోర్డును బడీ దీదీ దగ్గరుండి ఊడదీయించింది. నా ముఖం మాత్రం నెలరోజులు చూడలేదు. చాలామంది పైవాళ్ల దగ్గర పనిచేశాను, మంచి మాటలు చెప్పేవాళ్లే అందరూ. తన రూలును తన అరికాళ్లతో కొలిచి చూసినావిడ ఆవిడొక్కతే. తలచుకుంటే ఇప్పటికీ ఆవిడ మీద బెంగగా ఉంటుంది.

మొక్కు

మరుసటి వేసవికి అప్పన్న ఒక కబురు పట్టుకొచ్చాడు. మన తెలుగువాళ్లు మాతా పూజకు ఘటాలెత్తుకుని వీధుల్లో ఊరేగుతారు కదా. పైడమ్మ కాన్పు కష్టమైనప్పుడు, తల్లీ బిడ్డా బతికితే మూడేళ్లు ఘటం ఎత్తుతానని ఈయన మొక్కుకున్నాడట. కాలికి పుండు రాకముందే రెండేళ్లు అయ్యాయి. మూడోది మిగిలింది. ఘటం ఎత్తితే ఒట్టి కాళ్లతోనే నడవాలి. ఎండలో, తారు రోడ్డు మీద.

"నీకు బుద్ధుందా మావయ్యా? కాలు పోతాది!" అన్నాను.

"మనవడికేటన్నా అయితే ఈ కాలేటి సేసుకుంటాను?" అన్నాడు. ఎంత నచ్చజెప్పినా అదే మాట. పైడమ్మ అటు బిడ్డను, ఇటు తండ్రి కాలును చూస్తూ కళ్లొత్తుకుంది.

నేను ఖరిదా వెళ్లాను. ఘటాల పెద్ద సన్యాసిరావు గారిది అక్కడ గిన్నెల దుకాణం. క్రైస్తవురాలిని, అమ్మవారి సంగతిలో నాకేం పని అని మొహం మీదే అంటాడనుకున్నాను. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. అంతా విని తల అడ్డంగా తిప్పాడు.

"సెప్పులతో ఘటం ఎత్తితే ఊరుకుంటారేటి సిస్టరమ్మా? పోనీ, మీరు సెప్పండి. మీ సర్చిలోకి సెప్పులతో ఎల్తారా?"

"ఎల్లమండి. బయటే ఇప్పుతాం" అన్నాను. మా చర్చి మెట్ల మీద ఆదివారం ఎన్ని జతలుంటాయో ఆయనకూ తెలుసు. టీ అంతా తాగేసి ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది.

"చెప్పు ఒద్దన్నారు సరే. కట్టు ఒద్దంటారా?" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించాడు. "కట్టు దెబ్బకి కడతారు. దెబ్బ మీద అమ్మకేటి కోపం? తోలూ రబ్బరూ ఉండకూడదు, అంతే" అన్నాడు.

ఎగిరి గంతేయాలనిపించింది. రెండు రోజులు కూర్చుని కొలతలు తీశాను. దూది మందంగా, దాని కింద నాలుగు మడతల గోనెగుడ్డ, పైన క్రేప్ బ్యాండేజి. నా చేతికి కట్టుకుని వేడి పెనం మీద పెట్టి చూశాను కూడా. ఊరేగింపు పొద్దున అప్పన్న ఇంటికి వెళ్లి రెండు కాళ్లకూ కట్టాను. ముప్పై మూడేళ్లలో అంత అందమైన కట్టు మళ్లీ కట్టలేదు.

ఘటం

డప్పులు మోగాయి. పసుపు బట్టల్లో, తలమీద వేపాకుల ఘటంతో అప్పన్న నడుస్తుంటే ఇరవై ఏళ్లు తగ్గినట్టున్నాడు. నేను సంచిలో దూదీ బ్యాండేజీ పెట్టుకుని రోడ్డు పక్కన వెంట నడిచాను. నా మీద నాకే ముచ్చటేసింది.

మొదటి ఇంటి ముందు ఘటాలు ఆగాయి. ఆ ఇంటి ఇల్లాలు బిందెతో పసుపు నీళ్లు తెచ్చి, దండం పెట్టి, అప్పన్న కాళ్ల మీద గుమ్మరించింది.

ఓలమ్మ! నా నెత్తిన పిడుగు పడింది. చిన్నప్పటి నుంచి మా వాకిట్లో నిలబడి ఏటేటా చూసిన తంతు అది. ఘటం మోసేవాళ్ల కాళ్లు కడగని ఇల్లు ఉండదు. కట్టు తడవకూడదని రోజుకు ఇరవై మందికి చెప్పే నర్సుని, ప్రతి ఇంటి ముందూ బిందెడు నీళ్లు పడతాయన్నది మర్చిపోయాను!

మూడో ఇంటికి గోనె బరువెక్కి వేలాడింది. ఐదో ఇల్లు దాటాక ఎడమకాలి కట్టు మడమ దగ్గర జారి పక్కకు పోయింది. మానిన ఆ మడమ తారు రోడ్డు మీద నేరుగా ఆనుతోంది. ఆయనకు తెలియదు. నవ్వుమొహంతో నడుస్తున్నాడు. "ఆగండి! ఆపండి!" అని అరిచాను. డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? పరిగెత్తుకెళ్లి ఘటానికి ఎదురుగా రోడ్డు మధ్య చేతులు చాపి నిలబడ్డాను.

డప్పులు ఆగిపోయాయి. వెంటనే నాలుగు వైపుల నుంచీ కేకలు. "సెప్పులు! సెప్పులు! ఘటం ముందర సెప్పులేటి?"

నా కాళ్లు చూసుకున్నాను. చెప్పులతోనే ఉన్నాను. భయంతో అక్కడే విసిరేశాను. అరికాళ్లు రోడ్డుకు తగలగానే "అమ్మో" అని ఎగిరాను. ఒక కాలు దించితే ఇంకో కాలు ఎత్తుతూ, నలభై ఆరేళ్లదాన్ని, యూనిఫాంలో, అందరి ముందూ చిందులేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. నా కాళ్లు చూసింది. తర్వాత కదలకుండా నిలబడ్డ తన తండ్రి కాళ్లు చూసింది.

పక్కనున్న ఇల్లాలి చేతిలోంచి బిందె లాక్కుంది. "కాళ్ల మీద కాదే! రోడ్డు మీద పొయ్యండే! నాన్న ముందర పొయ్యండి!" అని అరుస్తూ ఆ నీళ్లన్నీ తండ్రి అడుగు పడే చోట కుమ్మరించింది. తారు మీద నుంచి ఆవిరి లేచింది.

అందరూ సన్యాసిరావు గారి వైపు చూశారు. ఆయన నా చెప్పుల వైపు చూడలేదు, ఆ ఆవిరి వైపు చూశాడు. "మరేటి సూస్తన్నారు? బేగి నీళ్లు తెండి" అన్నాడు.

ఆ వీధిలో ఏ ఇంట్లో ఎన్ని బిందెలున్నాయో అన్నీ బయటికొచ్చాయి. ఎదురింటి బెంగాలీ వాళ్ల ఇంటి నుంచి కూడా రబ్బరు పైపు వచ్చింది. ముందు నీళ్లు, వెనక అప్పన్న. నేను ఆయన మడమకు అక్కడే మళ్లీ కట్టు కట్టి, తడి రోడ్డు మీద ఒట్టి కాళ్లతో గుడిదాకా నడిచాను. రోడ్డు చల్లగా ఉంది. ఆ నడక ఎప్పుడు గుర్తొచ్చినా సంతోషమే.

సాయంత్రం కట్లు విప్పితే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత ఎరుపు. మూడు వారాల్లో మానింది. కాలు దక్కింది. ఆ తర్వాతి ఏటి నుంచి ఆ వీధిలో ఘటాలకు ముందు రోడ్డు తడపడం అలవాటైపోయింది. ఇప్పుడు అడిగితే అది తాతల నాటి ఆచారమంటారు. నేను సరిదిద్దను.

ఆఖరి డ్రెస్సింగ్

అప్పన్న పోయిన వేసవిలో పోయాడు. ఎనభై దాటాయి. కబురందగానే వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. నా చోటు ఎప్పుడూ అదే.

పైడమ్మ వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది. "నాన్న కాళ్లు సూడకుండా నువ్వెప్పుడూ ఎల్లనేదు సిస్టరమ్మా. ఒక్కసారి సూడు" అని పైకెత్తింది.

తొమ్మిది వేళ్లు. మడమ చూశాను, బొటనవేలు తీసిన చోటు చూశాను, వేళ్ల సందులు విడదీసి చూశాను. రెండు అరికాళ్ల మీదా చెయ్యి వేసి తడిమాను. ఎక్కడా ఒక్క పుండు లేదు. అంత ఏడుపు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

లావణ్యా, నీకు నేను నేర్పగలిగింది ఇంతే. విప్పమన్నా, వేసుకోమన్నా, ముందు ఆ కాలు చూడు. తర్వాత ఆ కాలు నడిచి వచ్చిన నేల ముట్టుకో.

బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నాకూ ఏడేళ్లుగా షుగరు. ఈ మధ్య దూది రాస్తే సరిగ్గా తెలియడం లేదు. ఏడ్చిన కళ్లతో, చెప్పుల మాటే మర్చిపోయి, మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచేస్తున్నాను. వెనక నుంచి పైడమ్మ పరిగెత్తుకొచ్చింది. తండ్రి శవం ఇంట్లో ఉండగా, నా చెప్పులు చేత్తో పట్టుకొచ్చి, వంగి నా కాళ్ల ముందు పెట్టింది.

"ఏసుకో సిస్టరమ్మా" అంది. "రోడ్డు కాల్తంది. నీకు తెలీదు."